అన్నీ మారాయి, అక్కచెల్లెళ్ల వాటా తప్ప

మనిషికి మార్పంటే భయం, అది సహజం, కాస్త ఓపిక పట్టాలి అని పెద్దమనుషులు చెబుతుంటారు. ఒట్టి మాట. 1960ల చివర్లో ఐఆర్-8 వచ్చినప్పుడు, తాతల నాటి పొడుగు వరి వంగడాలను పక్కన పెట్టడానికి మన డెల్టా రైతు జాతకాలేమీ చూడలేదు. ఆ తర్వాత స్వర్ణ వచ్చింది, సాంబ మసూరి వచ్చింది, వచ్చినవన్నీ పొలంలోకి దిగాయి. పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిన మిరపకాయ ఇవాళ గుంటూరు ఇంటిపేరైంది. కిళ్లీకొట్టు దగ్గర పది రూపాయలకు ఫోన్ తీసి స్కాన్ చేస్తున్న పెద్దాయనకు ఎవరు పాఠం చెప్పారు?

ఇంత చురుకైన జనానికి ఒక్క మార్పు మాత్రం నలభై ఏళ్లుగా గొంతు దిగడం లేదు. ఆస్తిలో ఆడపిల్ల వాటా.

ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉందని 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్ చట్టం చెబుతోంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ అది. అప్పటికే పెళ్లయిన వాళ్లను మాత్రం పక్కన పెట్టింది, అంటే చట్టం కూడా జంకుతూనే అడుగేసిందన్నమాట. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న మెలికను కూడా 2020లో సుప్రీంకోర్టు కొట్టిపారేసింది. ఇక తేలనిదేమీ లేదు.

అయినా ఏదైనా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఓ పూట నిలబడి చూడండి. అన్నదమ్ములు స్లాట్ బుక్ చేస్తారు, చెల్లెలికి కారు పంపిస్తారు. దస్తావేజు లేఖరి బల్ల మీద కాగితాలు సిద్ధంగా ఉంటాయి. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి ఇష్టంతో తన హక్కు భుక్తాలు వదులుకుంటున్నట్టు ఆమె రాకముందే టైపయిపోయి ఉంటుంది. చదివి వినిపించేంత తీరిక ఎవరికీ ఉండదు. ఇక్కడ సంతకం, అక్కడ వేలిముద్ర, ఓ ఫొటో. ఎకరం కోటి పలికే చోట ఆమెకు దక్కేది వదిన తెచ్చిన పట్టుచీర, హోటల్లో భోజనం.

అడిగితే "కట్నం ఇచ్చాం కదా" అంటారు. 1961 నుంచి నేరమైన కట్నాన్ని చూపించి, చట్టం ఇచ్చిన వాటాకు చెల్లు రాస్తారా? ఆ డబ్బు పోయింది ఆమె చేతికా, అత్తింటి చేతికా? ఆడపిల్లకు వాటా ఇస్తే తోబుట్టువుల మధ్య తగాదాలొస్తాయట! జానెడు గట్టు కోసం తలలు పగలగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరుగుతున్న అన్నదమ్ములు ఏ ఆడపిల్ల వల్ల విడిపోయారో చెప్పండి.

ఇదే అన్నగారు భార్య తరఫు ఆస్తి దగ్గరికొచ్చేసరికి ఎంత ఆధునికుడో చూడాలి. బావమరుదుల మీద దావా వేయించడానికి సెక్షన్ నంబర్లతో సహా వల్లిస్తాడు. కాబట్టి అతనికి మార్పు అర్థం కాలేదనీ, అలవాటు పడటానికి టైం పడుతుందనీ జాలిపడకండి. తనకు వచ్చే ఎకరాల విషయంలో అలవాటు పడ్డాడుగా! తన చేతి నుంచి పోయేటప్పుడే సంప్రదాయం గుర్తొస్తుంది. దీన్ని మనిషి బలహీనత అని ముద్దుగా పిలవడం మానేద్దాం. ఇది దురాశ.

ఆడవాళ్లే వద్దంటున్నారుగా అని ఇంకో వాదం. తల్లి కూడా "పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయే, నోరు మూసుకుని పెట్టెయ్" అంటుంది, నిజమే. రేపు కాపురంలో కష్టమొస్తే పిల్లలతో వచ్చి నిలబడటానికి ఆ గడప ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ గడపనే తాకట్టు పెట్టి సంతకం రాబట్టుకుని, దాన్ని ఇష్టం అంటున్నారు.

నిజంగా ఇష్టంగానే వదులుకుంటుందని మీకంత నమ్మకముంటే ముందు పంచండి. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కించండి. ఒక్క ఏడాది కౌలు డబ్బు ఆమె చేతిలో పడనివ్వండి. ఆ తర్వాత తమ్ముడి మీద ప్రేమ కొద్దీ రాసిచ్చేస్తానంటే, గిఫ్ట్ డీడ్ రాయడానికి ఆ లేఖరి ఆ బల్ల దగ్గరే ఉంటాడు.