పచ్చి మాంసం వాదం చెల్లదు

కుక్కకు ఏం పెట్టాలన్న ప్రశ్నకు ఇప్పుడు రెండే జవాబులు వినిపిస్తున్నాయి. ఒకటి పచ్చి మాంసం, ఎముకలు. రెండోది నీరు తీసి ప్యాకెట్లో నింపిన ఎండు ఆహారం. మొదటిది ప్రకృతి సిద్ధమనీ, వీలుకాని వాళ్లకు రెండోది దానికి సాటి అనీ పెంపకందారుల్లో గట్టి నమ్మకం. నంద్యాల జిల్లా కోయిలకుంట్ల వంటి గొర్రెల సీమలో ఈ నమ్మకం మనుషుల ప్రాణాల మీదికే తెస్తుంది.

ఈ వాదానికి నేటి రూపం ఇచ్చినవాడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. కుక్కకు ఎముక పెట్టమంటూ 1993లో ఆయన రాసిన పుస్తకంతో ఇది దేశదేశాలకు పాకింది. పల్లెల్లో ఇదే మాటకు వేరే రూపం ఉంది: పచ్చి మాంసం తింటేనే కుక్కకు పౌరుషం వస్తుందంటారు. రెండింటి కింద ఉన్న ఆధారాలు నాలుగు. కుక్క తోడేలు సంతతి కనుక పచ్చి మాంసమే దాని తిండి. వండితే సత్తువ పోతుంది. కుక్క కడుపులోని ఆమ్లం క్రిములన్నిటినీ చంపుతుంది. ఎండబెట్టిన మాంసంలో ఏ దోషమూ మిగలదు. వీటిలో ఒక్కటీ పరీక్షకు నిలవదు.

కుక్క పూర్వీకులు తోడేళ్లన్నది నిజమే. కానీ మనిషి పంచన చేరి వేల ఏళ్లు గడిచాక దాని జీర్ణశక్తి మారింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతి తేల్చింది. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. మనిషి తినే గింజల మీద బతకడానికి కుక్క శరీరమే మారిందని దీని అర్థం. నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా జొన్న సంగటి, రొట్టె ముక్క, మజ్జిగ తిని ఇల్లూ మందా కాసిన కుక్కలు ఈ మాటకు సాక్ష్యం. ఉడికిన పిండిని కుక్క చక్కగా అరిగించుకుంటుంది.

పైగా తోడేలు తినేది అంగట్లో కోసి ఇచ్చే కండ కాదు. ఎముక, చర్మం, లోపలి అవయవాలతో సహా జంతువును మొత్తంగా తింటుంది. వట్టి కండలో కాల్షియం కంటే భాస్వరం పదిహేను ఇరవై రెట్లు ఎక్కువ. ఎదిగే కుక్కపిల్లకు కాల్షియం భాస్వరంతో సమానంగానో, అంతకు కొంచెం ఎక్కువగానో అందాలి. మాంసం ఒక్కటే పెడితే పిల్ల శరీరం తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడుకుంటుంది. కాళ్లు వంకరపోతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. ఆ లోటు తీర్చడానికి గట్టి ఎముకలు పెడితే పళ్లు పగలడం, ముక్కలు గొంతులోనో పేగుల్లోనో అడ్డం పడడం పశువైద్యశాలల్లో తరచూ కనిపించేవే. వండిన ఎముక మరింత ప్రమాదం, అది పదునైన చీలికలుగా విరుగుతుంది. వంట వల్ల కొన్ని విటమిన్లు కొంత తగ్గే మాట వాస్తవం. కాలేయం, గుడ్డు, ఆకుకూరలతో ఆ లోటు తీరుతుంది. మాంసకృత్తులు మాత్రం ఉడికినా పోవు.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం గొర్రె కడుపులో ఉంది. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు కుక్క చిన్నపేగులో బతుకుతుంది. పొడవు ఏడు మిల్లీమీటర్లు దాటదు. ఒక కుక్కలో వేల సంఖ్యలో ఉన్నా పైకి ఏ జబ్బూ కనిపించదు. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డిలో, నీళ్లలో కలుస్తాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తులున్న కార్జాన్నీ ఊపిరితిత్తులనూ పచ్చిగా కుక్కకు విసిరితే, ఆరేడు వారాల్లో కొత్త పురుగులు పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి. ఈ చక్రంలో మనిషి పొరపాటున చిక్కుకుంటాడు. కుక్క వెంట్రుకలకు అంటిన గుడ్డు నిమిరిన చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది. పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. లోపలికి పోయిన గుడ్డు కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో తిత్తిగా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పెరుగుతుంది. దాన్ని తీయడానికి చాలాసార్లు శస్త్రచికిత్స తప్పదు. అది లోపలే పగిలితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు.

భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించే రాష్ట్రాలుగా వైద్య సాహిత్యం ఆంధ్రప్రదేశ్‌నూ తమిళనాడునూ పేర్కొంటుంది. కారణం ఊహకు అందనిది కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ తరువాత రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, సుమారు 1.76 కోట్లు. రాయలసీమలో మంద వెంట కుక్క ఉంటుంది. గ్రామదేవతకు దేవర చేసినా, పెళ్లి జరిగినా, ఆదివారం వచ్చినా పొట్టేలు తెగేది ఇంటి ముంగిట్లోనో చెట్టు కిందో. పరీక్షించే పశువైద్యుడు అక్కడ ఉండడు. పనికిరాని పేగులు, బుడ్డలు పట్టిన కార్జం చూస్తుండగానే కుక్కల పాలవుతాయి. ఈ నేల మీద నిలబడి పచ్చి మాంసం సహజాహారమని చెప్పడమంటే ఆ పురుగు జీవితచక్రాన్ని సమర్థించడమే.

ఈ చక్రాన్ని తెంచిన దేశాలున్నాయి. డెన్మార్క్‌కు చెందిన హెరాల్డ్ క్రాబె 1860లలో ఐస్‌లాండ్‌లో ఈ వ్యాధిని పరిశీలించి, జనానికి అర్థమయ్యే చిన్న పుస్తకం రాశాడు. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందనీయకుండా ఆ దేశం కాలక్రమంలో వ్యాధిని నిర్మూలించింది. గొర్రెలే ఆస్తిగా బతికే న్యూజీలాండ్ 1959లో ప్రత్యేక చట్టం చేసింది. పచ్చి అవయవాలు కుక్కలకు పెట్టడాన్ని నిషేధించి, ఆరు వారాలకోసారి కుక్కలన్నిటికీ పురుగుల మందు వేయించింది. 2002లో తాత్కాలికంగా వ్యాధిరహిత దేశంగా ప్రకటించుకుంది. అక్కడి కాపరులకు కుక్కలంటే ప్రేమ తక్కువై ఈ నియమం పెట్టుకోలేదు.

పచ్చి కోడిమాంసంతో ఈ పురుగు రాదు, నిజమే. దానితో వచ్చేవి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్. కుక్క కడుపులోని ఆమ్లం వీటిని చంపుతుందన్న ధీమా కూడా నిలవదు. సాల్మొనెల్లా చేరిన కుక్క ఆరోగ్యంగా కనిపిస్తూనే మలంలో దాన్ని విసర్జించగలదు, ఇంటి గచ్చు మీద పాకే పసిబిడ్డకు అంటించగలదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010-12 మధ్య జరిపిన పరీక్షల్లో పెంపుడు జంతువుల పచ్చి ఆహారం నమూనాలు 196 చూస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా బయటపడ్డాయి. ఆ దేశపు పశువైద్యుల సంఘం 2012లో పచ్చి మాంసాహారం వద్దని విధానంగానే ప్రకటించింది. అవి శీతల గిడ్డంగులు, నియంత్రణ ఉన్న దేశంలోని నమూనాలు. ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే నంద్యాల జిల్లాలో గిన్నెలో వదిలిన పచ్చి మాంసం గంటల్లోనే క్రిముల గూడవుతుంది.

ఇక ఎండు ఆహారం సంగతి. మాంసంలో సుమారు ముప్పాతిక వంతు నీరు. ఆ నీరు తీసేస్తే క్రిములు పెరగడం ఆగుతుంది. పెరగకపోవడం చావడంతో సమానం కాదు. తక్కువ వేడి మీద గాలితో ఆరబెట్టినా, గడ్డకట్టించి నీరు లాగేసినా సాల్మొనెల్లా నిద్రాణంగా బతికే ఉండగలదు. తడిలేని చోట అది వేడిని మరింతగా తట్టుకుంటుంది కూడా. తినిపించే ముందు నీళ్లు పోయగానే మళ్లీ లేస్తుంది. కాబట్టి వండకుండా ఎండబెట్టిన ప్యాకెట్ పచ్చి మాంసంతో సమానమైన ప్రమాదమే. వండి ఆరబెట్టిన ఆహారం, వంద డిగ్రీలు దాటిన వేడిలో ఒత్తిడితో తయారయ్యే మామూలు గుళికల ఆహారం ఈ విషయంలో నయం. మంచి గుళికల్లో కాల్షియం, విటమిన్లు లెక్క ప్రకారం కలుపుతారు. పిల్లలు పెట్టిన కుక్కకు, ఎదిగే పిల్లకు అది మేలు.

అయినా ప్యాకెట్‌ను కళ్లు మూసుకుని నమ్మకూడదు. 2007లో మెలమైన్ కలిసిన గోధుమ జిగురు వల్ల అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. 2021 జనవరి నాటికి అక్కడ అఫ్లాటాక్సిన్ ఉన్న ఎండు ఆహారం తిని 110కి పైగా కుక్కలు మరణించాయి. మొక్కజొన్నకు, వేరుసెనగకు పట్టే బూజు నుంచి పుట్టే ఈ విషం వేడికి పూర్తిగా పోదు. వానాకాలంలో తెరిచి ఉంచిన సంచి, చిల్లరగా తూచి అమ్మే గుళికలు ఈ కారణంగానే వద్దు. గింజలు లేనిదంటూ ఎక్కువ ధర పెట్టే ఆహారం వల్ల లాభమూ లేదు. బఠానీ, పప్పులతో నింపిన అలాంటి ఆహారానికీ కుక్కల గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికాలో 2018లో విచారణే మొదలైంది.

రెండు జవాబుల మధ్య మరుగున పడిన మూడోది ఉంది: ఉడికించడం. గొర్రె కార్జం, ఊపిరితిత్తులు అరగంట మరిగే నీళ్లలో ఉడికితే తిత్తిలోని పురుగు చస్తుంది. బుడ్డలు కనిపించిన అవయవాన్ని మాత్రం లోతుగా పూడ్చాలి, లేదా కాల్చాలి. వట్టి సంగటి, మజ్జిగతో సరిపెట్టడమూ తప్పే. జొన్నలో మాంసకృత్తులు పది శాతం చుట్టూ ఉంటాయి. పెద్ద కుక్క ఆహారపు ఎండు బరువులో కనీసం 18 శాతం, పిల్లకు 22.5 శాతం కావాలి. సంగటికో అన్నానికో ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొంచెం ఆకుకూర చేర్చాలి. కాల్షియం కోసం అర కిలో మాంసానికి అర చెంచా గుడ్డు పెంకు పొడి కలపవచ్చు. ఉప్పూకారం పడకూడదు. ఎర్రగడ్డలు పండే ఈ సీమలో మరో జాగ్రత్త అవసరం: ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఉడికినా కుక్క రక్తకణాలను చెరుపుతాయి. మిగిలిన కూర పులుసు దానికి పోయకూడదు. మంద కాసే కుక్కకు పశువైద్యుడి సలహాతో ప్రాజిక్వాంటెల్ క్రమం తప్పకుండా వేయించాలి. ఆ మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు, కనుక మందు వేశాక ఒకటి రెండు రోజుల మలాన్ని పూడ్చిపెట్టాలి.

గొర్రె తెగిన చోట మిగిలిన అవయవాలకు ఒక గుంత, కుక్క తిండికి ఒక పొయ్యి ఉంటే చాలు. ఈ రెండూ లేని ఇంట్లో పచ్చి మాంసం మంచిదా, ఎండు ప్యాకెట్ మంచిదా అన్న చర్చకు అర్థం లేదు. కుక్కను పెంచే ప్రతి ఇల్లూ, దేవర చేసే ప్రతి ఊరూ ఒక నియమం పెట్టుకోవాలి: పచ్చి కార్జం ఏ కుక్క నోటికీ అందకూడదు.