బుగ్గలకు రంగు సరే, ఒంట్లో రక్తం ఉందా?

పెళ్ళికో పండుగకో వెళ్ళేటప్పుడు బుగ్గలకు కాస్త రంగు అద్దుకోవడం తప్పని మేము అనడం లేదు. ముఖం కళగా ఉంటే మనసుకూ ఉత్సాహమే. అయితే ముఖం రోజూ పాలిపోయి కనిపిస్తుంటే, వయసు మీద నెపం వేసి రంగుతో కప్పేయడం మంచిది కాదు.

మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. నీరసం, ఆయాసం, కళ్ళు తిరగడం కూడా ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో అది డెసీలీటరుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలతో వేసుకోకండి.

ఆస్పత్రికి వచ్చేటప్పుడు మాత్రం లిప్‌స్టిక్, గోళ్ళరంగు తుడిచేసి రండి. వాటి కింద ఉన్న రంగే మేము చూడాలి.