‘నై’ అన్నా గుమ్మం వదలని యాప్‌లు

నమాజ్ వేళలు చెప్పే యాప్ తెరవగానే లొకేషన్‌కి ఇజాజత్ అడుగుతుంది. అడగడంలో తప్పులేదు. ‘నై’ అన్నాకే అసలు తమాషా మొదలవుతుంది. కొన్ని మళ్ళీ మళ్ళీ అదే అడుగుతాయి. కొన్ని ఖాళీ తెర చూపించి, సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆన్ చేస్తేనే ఫజ్ర్ టైమ్ చెప్తామంటాయి. నమాజ్ ఖజా అవుతుందేమోనన్న భయంతో మన అమ్మీలు, నానీమాలు ‘అలౌ’ నొక్కేస్తారు. దీన్ని రజామందీ అంటారా? జబర్దస్తీ అంటారు.

అసలు అంత అవసరముందా, హిసాబ్ చూద్దాం. రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యుడి వేళ 4 నిమిషాలు మారుతుంది. హైదరాబాద్ కంటే విజయవాడలో జొహర్ వక్త్ 8, 9 నిమిషాల ముందే వస్తుంది. మరి టోలీచౌకీకీ చార్మినార్‌కీ? మహా అయితే 15 సెకన్లు. మస్జిద్ గోడకి అంటించిన ఒక్క కాగితం షహర్ మొత్తానికీ సరిపోయేది అందుకే. ఖిబ్లా కూడా అంతే. హైదరాబాద్‌లో అది పడమర నుంచి ఓ 13 డిగ్రీలు ఉత్తరానికి ఉంటుంది, గల్లీ మారితే మారదు. షహర్ పేరు చెప్తే చాలు.

షక్ ఎందుకంటారా? 2020 నవంబర్‌లో బయటపడిన ముస్లిం ప్రో ఖిస్సా గుర్తుచేసుకోండి. ఆ యాప్ వాడేవాళ్ళ లొకేషన్ ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరిందని, ఆ కంపెనీ గాహక్‌లలో అమెరికా సైన్యం కాంట్రాక్టర్లు ఉన్నారని మదర్‌బోర్డ్ రాసింది. ఎక్స్-మోడ్‌తో తెగతెంపులు చేసుకున్నామని యాప్‌వాళ్ళు వెంటనే ప్రకటించారు. ప్రార్థనా స్థలాల్లాంటి నాజూకు చోట్ల లొకేషన్ అమ్మకూడదని ఎక్స్-మోడ్‌ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కట్టడి చేసింది మాత్రం 2024లో! సజ్దా చేసిన చోటు బజార్లో సరుకైపోయాక వచ్చింది ఆ ఇన్సాఫ్.

యాప్‌లు రాసే మన తమ్ముళ్ళకి ఈ ఖాయిదాలు తెలియనివి కావు. లొకేషన్ ఇవ్వనివాళ్ళకి అడ్రస్ టైప్ చేసే వీలు ఇవ్వమని ఆపిల్ నియమాల్లోనే ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు ఇన్కార్ చేస్తే ఆ డబ్బా ఇక రాదు, అందుకే కొందరు సొంత డబ్బా తయారుచేసుకుని సతాయిస్తున్నారు! ఇతరుల ఇంటి ముందు ఇజాజత్ అడగాలని, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలని సూరా నూర్‌లో చదివిన ఖౌమ్ మనది. దీనీ యాప్‌కే ఆ అదబ్ లేకపోతే ఎలా?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ‘నై’ అనగానే షహర్ల జాబితా చూపించండి, ఎంచుకున్నది గుర్తుపెట్టుకోండి, బస్. ‘దగ్గర్లో మస్జిద్’ నొక్కినప్పుడు మాత్రం లొకేషన్ వాకయీ జరూర్ కాబట్టి అప్పుడు అడగండి, ఎందుకో ఒక లైన్‌లో చెప్పండి. ఆండ్రాయిడ్ 12 నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలుంది. దాంతో మొహల్లా తెలుస్తుంది, ఇల్లు తెలీదు. అదీ ఇవ్వకపోతే మొహల్లా పేరు టైప్ చేయనివ్వండి. రంజాన్‌లో సెహరీ అలారం మోగడానికైతే లొకేషన్ అడగక్కర్లేదు, ఫోన్‌లో గడియారం ఉంది కదా.