బారిస్టరు చదువునకు స్థలమహిమ యెంత?

చిత్తూరు పట్టణమునకు కాణిపాకము నాలుగు క్రోసుల దూరమైన లేదు. కోర్టులలో నేండ్ల తరబడి తెగని యప్పుల తగవులు, అన్నదమ్ముల పంపకపు తగవులు బాహుదానది యొడ్డున వరసిద్ధి వినాయకుని సన్నిధి నొక్క ప్రమాణముతో తెగుట కలదని యీ సీమవారు చెప్పుకొందురు. అచ్చట వకీలు లేడు, ఫీజు లేదు, వాయిదా లేదు. అయినను చిత్తూరు కోర్టు గదులు నిండియే యున్నవి. నల్లకోటు గౌరవమును తగ్గలేదు. చెఱకుమళ్లు, మామిడితోపులు గల కుటుంబములలో పట్టభద్రుడైన కుమారుని గూర్చి తండ్రి చేయు నాలోచనలలో లాయరు చదువు నేటికిని ముందే నిలుచును. దానివెంట మఱియొక ప్రశ్న వచ్చును: చదివించినచో నెచ్చట? తిరుపతిలోనా, బెంగుళూరులోనా, లండనులోనా? లండనున బారిస్టరై వచ్చినవానికి మన కోర్టులలో పలుకుబడి హెచ్చని నమ్మి మాగాణి తాకట్టు పెట్టుటకు సిద్ధపడు తండ్రులు గలరు. కాణి యనగా మాగాణి యని కాణిపాకపు పేరునకే యర్థము చెప్పుదురు. ఆ కాణి నిచ్చి కొనదగిన వస్తువేనా యిది?

ఈ నమ్మకము నిష్కారణముగ పుట్టినది కాదు. దానిని పుట్టించినది శాసనమే. 1861వ సంవత్సరపు హైకోర్టుల శాసనము ప్రధాన న్యాయమూర్తితో కూడ న్యాయమూర్తులలో మూడవవంతునకు తగ్గకుండ బారిస్టరులుండవలెనని విధించెను. మఱియొక మూడవవంతు సివిలు సర్వీసువారిది. 1915వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ శాసనము నీ కట్టుబాటునే నిలిపెను. కలకత్తా హైకోర్టు ఒరిజినలు విభాగమున వాదించు హక్కు చిరకాలము బారిస్టరులకే యుండెను. ఎంత మేధావియైనను మద్రాసులో చదివినవాడు ప్రధాన న్యాయమూర్తి పీఠము నాశింపరాదు. లండను ఇన్నులలో పండ్రెండు టర్ములు గడిపి, విందులారగించి, పరీక్ష దాటినవాడు ఆశింపవచ్చును. చదువునకు గాక చదివిన చోటికి వెల కట్టిన కాలమది.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి చరిత్ర యిందుకు సాక్ష్యము. ఆయన రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగ ప్రసిద్ధి గాంచి ధనము గడించెను, పురపాలక సంఘాధ్యక్షుడాయెను. అయినను రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టు గుమ్మము మూసియుండెను. ఆ గుమ్మము తెఱుచుకొనుటకు 1904లో లండనునకు పోయి, 1907లో బారిస్టరై మరలివచ్చి, మద్రాసు హైకోర్టున పేరుపొందెను. రాజమహేంద్రవరమున నున్నపుడును ఆయన తెలివి యదియే, వాగ్ధాటి యదియే. మాఱినది తలుపు మాత్రమే.

అయితే లండను పట్టము తలుపు తెఱచునే కాని లోపల కుర్చీ వేసి కూర్చుండబెట్టదు. అలహాబాదున మోతిలాలు నెహ్రూ వకీలు. కుమారుడు జవహరులాలు ఇన్నర్ టెంపులునుండి వచ్చిన బారిస్టరు. న్యాయవాదవృత్తిలో వాసికెక్కినది తండ్రియే. నెల్లూరు జిల్లా పూడూరున పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు మద్రాసు చదువుతోనే 1929 నుండి 1944 వఱకు అడ్వొకేటు జనరలుగ నుండి, పిమ్మట రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యులైరి. పి. వి. రాజమన్నారుగారు 1948లో మద్రాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియైరి. భారతీయుడొక డా పీఠమెక్కుట యదియే మొదలు. వారును మద్రాసు లా కాలేజీలో చదివినవారే. 1935వ సంవత్సరపు శాసనము పాత మూడవవంతు నియమమును తీసివేయకున్నచో నా పీఠము వారికి దక్కియుండెడిది కాదు. ఇక మన ప్రాంతపు సంగతి. తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు మద్రాసులో బి. ఎల్. చదివి, కొంతకాలము లెక్కల పంతులుగ నుండి, చిత్తూరున ప్లీడరై, అచ్చటినుండియే 1934లో కేంద్ర శాసనసభకును, 1956లో లోకసభాధ్యక్ష పీఠమునకును పోయిరి. వారిని ఇన్ను పేరడిగినవారు లేరు.

నేటి శాసనమేమి చెప్పుచున్నది? 1961వ సంవత్సరపు అడ్వొకేట్ల శాసనముతో వకీలు, ప్లీడరు, బారిస్టరు అను తరగతులు పోయి అందఱును అడ్వొకేట్లే యైరి. హైకోర్టు న్యాయమూర్తి పదవికి రాజ్యాంగము పదియేండ్ల హైకోర్టు న్యాయవాదవృత్తినో న్యాయాధికార పదవినో యడుగుచున్నది గాని చదివిన దేశము నడుగుట లేదు. పైపెచ్చు విదేశమున న్యాయపట్టము పొందివచ్చిన భారతీయుడు బారు కౌన్సిలు వారి యర్హత పరీక్ష నిచ్చి మన శాసనములు తెలియునని నిరూపించుకొనవలెను. నాడు లండను పట్టము మెట్టెక్కించెను. నేడది యొక మెట్టును అదనముగ పెట్టుచున్నది. సివిలు జడ్జి పరీక్షకు కూర్చుండువారికి మూడేండ్ల వృత్తి తప్పనిసరి యని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పెను. లెక్కకు వచ్చునవి కోర్టులో గడపిన యేండ్లు.

బాహుదకు పేరు తెచ్చిన శంఖలిఖితుల కథ భారతము శాంతిపర్వమున గలదు. అన్న తోటలోని పండ్లను చెప్పక తినినందుకు లిఖితుడు రాజునొద్దకు పోయి తనకు తానే శిక్ష వేయించుకొనెను. ధర్మశాస్త్రకర్తలుగ ప్రసిద్ధులైన యన్నదమ్ములకు తగవు వచ్చినది తోటలో పండ్లను గూర్చి! చిత్తూరు కోర్టులలోని వ్యాజ్యములును పెక్కు లట్టివే: తోపు, గట్టు, బావి, బండిదారి. ఈ ప్రాంతము చాలవఱకు 1911 వఱకు ఉత్తరార్కాడు జిల్లాలోనిదగుటచే పాత దస్తావేజులలో అరవమును కనబడును. కార్వేటినగరము, పుంగనూరు జమీందారీల నాటి భూములకు 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు శాసనము చూడవలెను. ఆడుబిడ్డ భాగము సంగతి యింకను చిక్కు. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు సమభాగ మిచ్చెను. కాని యా తేదీకి ముందు పెండ్లియైనవారికి లేదనెను. 2005లో కేంద్ర శాసన మా భేదమును తొలగించెను. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగ జరిగిన పంపకములను మాత్రము కదల్పలేదు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు మఱికొన్ని సందేహములను తీర్చెను. ఒక్క కుటుంబమున ముగ్గురాడుబిడ్డలుండి మూడు తేదీలలో పెండ్లిండ్లయినచో ఎవరి కెప్పు డెంత భాగము కలిగినదో తేల్చుట థేమ్సునది యొడ్డున నేర్చు విద్య కాదు. అది అడంగళ్లు, పట్టాలు, ఈసీలు ముందు పెట్టుకొని, సీనియరు ప్రక్కన కూర్చుండి, కక్షిదారుడు చెప్పని మాటను వాని ముఖమున చదువుచు నేర్చునది.

లండను చదువు వ్యర్థమని మే మనుట లేదు. ఓడ సరకుల తగవులు, దేశాంతర వ్యాపార ఒడంబడికలు, మధ్యవర్తిత్వపు వ్యవహారములు, వీనిలో ఆ చదువు నిక్కముగ నక్కఱకు వచ్చును. అట్టి పని ముంబయి, ఢిల్లీ, సింగపూరు నగరములలో గలదు. కుమారుడు అచ్చటనే నిలువదలచినచో తండ్రి లెక్క వేఱు. చదివించునది యెచ్చట నన్న ప్రశ్నకు ముందు, నిలుచునది యే కోర్టులో నన్న ప్రశ్న వేయవలెనని మాత్రమే మా మనవి. ఆ కోర్టును కదలక యుండలేదు గదా! చిత్తూరు కక్షిదారునకు హైకోర్టు మద్రాసునుండి 1954లో గుంటూరునకు, 1956లో హైదరాబాదునకు, 2019లో అమరావతికి తరలెను. ఒక రాత్రి ప్రయాణములో మద్రాసున సీనియరును కలిసి వచ్చిన తరము పోయినది. అమరావతిలో కొత్త పరిచయములు కట్టుకొనవలసినది నేటి యువకులే.

అసలు కష్టము వేఱొకచోట నున్నది. జిల్లా కోర్టున జూనియరుగ చేరిన యువకునకు తొలి మూడు నాలుగేండ్లు తిండికి చాలు రాబడియైన నుండదు. తెలివిగల పేదబిడ్డలు ఆ యేండ్లు దాటలేక గుమాస్తా కొలువులకు పోవుచున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో జూనియరు న్యాయవాదులకు నెలకు 5000 రూపాయల భృతి నారంభించెను. జూనియరులకు గ్రామప్రాంతములలో నెలకు 15,000 రూపాయలైన నీయవలెనని బారు కౌన్సిలు 2024లో సీనియరులకు సిఫారసు చేసెను. సిఫారసు నిర్బంధము కాదు. దానిని తమంత తాము పాటింపవలసినవారు చిత్తూరు, తిరుపతి బారులలోని పెద్దలే. ఇక కొడుకును లండను పంపుటకు మాగాణి తాకట్టు పెట్టదలచిన తండ్రి, తాకట్టు పెట్టకయే, ఆ మాగాణి యేటి చెఱకు రాబడిలో కొంత మూడేండ్లు వాని ఖర్చునకు విడిచి, మంచి సీనియరు నొద్ద వానిని కూర్చుండబెట్టి చూడవచ్చును.