ప్యాకేజీలో లేని నోరు

ఇన్ని వారాలుగా హాస్టళ్ల గురించీ స్కాలర్‌షిప్పుల గురించీ రాస్తున్నాను. ఈ వారం దవాఖానా గురించి.

"వైద్యం ఫ్రీయే కదా సార్" అని నా క్లాసులో పిల్లలే అంటుంటారు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఆ కార్డు లేకపోతే మా చిన్నాయన ఇవాళ ఉండేవాడు కాదు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కార్డు గడ్డకు డబ్బు కడుతుంది. గడ్డ తీసేసిన నోటితో బతకడానికి ఎవరు కడతారు?

చిన్నాయన మార్కెట్ యార్డులో హమాలీ. బుగ్గ లోపల మానని పుండు క్యాన్సర్ అని తేలింది. దవడ కొంత తీసి, ఛాతీ కండ తెచ్చి అతికించారు. అక్కడిదాకా మాకు రూపాయి కాలేదు. తర్వాత 30 కరెంట్లు పెట్టాలన్నారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మిషన్ మీద పడుకునేది కొన్ని నిమిషాలే, కానీ ఆ నిమిషాల కోసం పట్నంలో కాపురం పెట్టాలి. గది రోజుకు 250, నలభై రోజులకు 10,000. ఆయన కూలి 600, చిన్నమ్మది 400. ముప్పై పని దినాలు పోయాయనుకుంటే 30,000. పాలు, గుడ్లు, మందులు, ఆటోలు వేరే. మొత్తం 60,000 అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,800 వడ్డీకే పోతుంది. ఏ ఆస్పత్రి బిల్లులోనూ ఈ లెక్క కనపడదు.

కరెంటుకు ముందే పాడైన పళ్లన్నీ పీకేశారు. తర్వాత పీకితే దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదముంటుంది, కాబట్టి అది సరైన పనే. పళ్ల సెట్టు సంగతి అడిగితే "అది ప్యాకేజీలో లేదు" అన్నారు. ఉమ్ము ఎండిపోయింది, నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోదు. పచ్చికారం లేనిదే ముద్ద దిగని మనిషికి చిన్నమ్మ జావ పలచగా చేసి, వడకట్టి, ముక్కు గొట్టంలో పోసేది. గంటకోసారి. ఆమె కూలికి ఎప్పుడు పోతుంది?

మెడలో గడ్డలు తీసేటప్పుడు భుజాన్ని పైకి లేపే నరం దెబ్బతినొచ్చు. చిన్నాయనకు అదే జరిగింది. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికైతే ఫిజియోథెరపీతో కొంత గడుస్తుంది. బస్తా మోసేవాడికి బతుకుదెరువే పోతుంది.

ఇంతా అయ్యాక, "తంబాకు ఎవరు తినమన్నారు?" అని అడుగుతారు. బస్తాకూ బస్తాకూ మధ్య ఆకలి చంపుకోవడానికి తిన్నాడు. ఉత్తరాంధ్ర తీరంలో పేద ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిలి కాల్చుకున్నదీ సరదాకు కాదు. పొగాకు మీద పన్ను వసూలు చేసే ప్రభుత్వాన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మనం ఏం తినాలో ఏం తినకూడదో తీర్పు చెప్పడం వాళ్లకు పాత అలవాటే.

కూలి నష్టం ఇవ్వడం కుదరదంటే నమ్మకండి. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా కింద, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు గరిష్ఠంగా 5,000 చొప్పున ఇస్తామన్నారు. అంటే మంచం మీద ఉన్న రోజులకూ కూలి కట్టొచ్చని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. కరెంటు పెట్టించుకునే వారాలకూ, రోగికే కాదు, వెంట ఉన్న మనిషికీ ఆ డబ్బు కావాలి. పళ్ల సెట్టు, మాట నేర్పే థెరపీ, భుజానికి ఫిజియోథెరపీ ప్యాకేజీలో చేరాలి. రెండు రాష్ట్రాల్లోనూ.

అప్పటిదాకా చేతిలో ఉన్నవి వాడుకుందాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాట వైకల్యాన్ని గుర్తించింది. గొంతుపెట్టె తీసేయడం "వంటి" కారణాలతో వచ్చే శాశ్వత వైకల్యం అని దాని నిర్వచనం. తెలుగు పాఠం చెప్పేవాడిగా చెబుతున్నాను, ఆ "వంటి"ని గట్టిగా పట్టుకోండి. నాలుక పోయినవాళ్లకూ సర్టిఫికెట్ అడగండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్‌లో పూర్తి రాయితీ, తోడు వెళ్లే మనిషికి 75 శాతం రాయితీ ఉంది. ఆ ఫారం మీద ఆస్పత్రి డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. డిశ్చార్జి రోజే రాయించుకోండి, లేకపోతే ఆ సంతకం కోసమే ఇంకోసారి ఛార్జీలు పెట్టుకుని పోవాలి.