అడగరాని ప్రశ్నలా ఇవి?

ఈ విద్యాసంవత్సరంలో ఒక విద్యార్థి నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. పేరు, ఊరు, గ్రూపు చెప్పను. పాఠకులు ఊహించే ప్రయత్నం చేయవద్దని మనవి. మొదటిది: "తోటి మగపిల్లల వలె నేను లేను. నేనెవరిని?" రెండవది: "ఈ సంగతి చెప్పలేని చదువు నాకెందుకు?"

మొదటి ప్రశ్నకు సమాధానం ఇతరులు ఇవ్వగలిగినది కాదు. ఒక వ్యక్తి పురుషుడో, స్త్రీయో, మూడవ లింగమో నిర్ణయించుకొనే హక్కు ఆ వ్యక్తిదేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనస్సు ఎవరిపై పోతుందన్నది వేరొక విషయం. ఈ రెంటినీ కలిపి ఒకే తిట్టుగా వాడడం మన వీథులలో అలవాటు. సమలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల పట్టిక నుండి తొలగించింది. వయోజనుల మధ్య సమ్మతితో కూడిన అట్టి సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు ప్రకటించింది. కనుక "పెండ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే పెద్దలు, తమ బిడ్డతో పాటు ఏమీ ఎరుగని మరొక ఇంటి ఆడపిల్ల బ్రతుకును కూడ పణంగా పెడుతున్నారు.

రెండవ ప్రశ్నకు మాత్రం మనమే జవాబుదారులం. పదవ తరగతి జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం రాగానే "ఇంటి వద్ద చదువుకోండి" అని పుట తిప్పే ఉపాధ్యాయులు ఎందరు లేరు? ఎమ్మిగనూరులో మగ్గం దిగిన తండ్రి చెబుతాడా, ఆదోనిలో ప్రత్తి మిల్లు నుండి వచ్చిన తల్లి చెబుతుందా? చివరకు చెప్పేది బస్సులో వెనుక సీటు, చేతిలో సెల్‌ఫోను.

తెలుగు బోధించేవాడిని గనుక ఒక మాట. విరాటపర్వంలో బృహన్నలకు విరటుడు తన కుమార్తెకు నాట్యం నేర్పే పని అప్పగించాడు. వచ్చినది అర్జునుడని ఆ రాజుకు తెలియదు కదా! ఇక ఆదోని ఒకనాడు బీజాపూరు సుల్తానుల ఏలుబడిలోనిది. ఆ బీజాపూరు కవి హాష్మీ స్త్రీ గొంతుతో దక్కనీ గజళ్ళు చెప్పి పేరు పొందాడు. పరీక్షలో రావని వీటినీ వదలివేస్తాము.

మతం ఏమంటుందని కొందరు అడుగుతారు. ఆచరణను గూర్చిన తీర్పు ఉలేమాల పని, నేను వాదించను. కాని తోటివారిని పరిహసించడాన్ని, పేర్లు పెట్టి పిలవడాన్ని ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా స్పష్టంగా నిషేధించింది. 2016లో యు.జి.సి. కూడ ఇట్టి వేధింపును ర్యాగింగు క్రిందికి చేర్చింది. ఆ సంగతి మన నోటీసు బోర్డుపై ఉండాలి.

ఆదోని స్టేషనులో ఆగే రైళ్ళలో చప్పట్లు చరచి చేయి చాచేవారిని, ఏ తరగతిలో బడి మానారో ఒకసారి అడిగి చూడండి. కమిటీ వారికి నా విన్నపం ఇదే: ఇట్టి విద్యార్థి టీ.సీ. కోరి వస్తే గుమాస్తా వెంటనే వ్రాసి ఇవ్వకూడదు. ముందుగా అధ్యాపకులలో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ పనికి ఎవరూ ముందుకు రాకపోతే నా పేరు వ్రాసుకోండి.