బస్తీ దవాఖానాకు సాయంత్రపు డాక్టరు కావాలి

సాయంత్రం ఆరు దాటితే క్యాజువాలిటీకి వచ్చే జనం మారిపోతారు. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసినన్నాళ్లూ చూశాను. పని దిగి వచ్చిన సెంట్రింగు మేస్త్రీ అరికాల్లో మేకు దిగి ఉంటుంది. ఇళ్లల్లో పాచిపని చేసే అమ్మ చంకలో జ్వరంతో బిడ్డ ఉంటుంది. వీళ్లకు కావలసింది గాయం కడిగి శుభ్రంగా కట్టే కట్టు, ఓ టీటీ సూది, బిడ్డ బరువుకు తగ్గ పారాసెటమాల్ సిరప్. వాటికోసం గంటల తరబడి బెంచీ మీద కూర్చుంటారు. లోపల డ్యూటీ డాక్టరు గుండెపోటు మనిషి దగ్గర ఉంటారు. ఉండాలి కూడా.

'ఇంత చిన్నదానికి ఇక్కడికెందుకొచ్చారు?' అని వాళ్లను కసురుకోవడం అన్యాయం. వాళ్లు వెళ్లాల్సిన చోటు ఆ వేళకు తాళం వేసి ఉంటుంది. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. 5 నుంచి 10 వేల జనాభాకు ఒకటి ఉండాలన్నది ఉద్దేశం. ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు ఉంటారు. మందులు ఉచితం, రక్తం తీసి పరీక్షకు పంపుతారు. పేదల గడపకు వచ్చిన గొప్ప మేలు ఇది. కానీ మామూలుగా అవి తెరిచి ఉండేది పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా. అడ్డా మీది కూలీ ఆ వేళకు వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి.

అందుకే రాత్రి తొమ్మిదింటికీ తలుపు తీసి ఉంచే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన పేరు పెట్టి పలకరిస్తాడు, డబ్బులు తర్వాత ఇమ్మంటాడు. ఆ ఆదరణ విలువ నాకు తెలుసు. ఆయన వేసే సూదితోనే నాకు భయం. ఒళ్లు నొప్పులు, జ్వరం అనగానే డైక్లోఫెనాక్ వేస్తే, అది డెంగీ అయినప్పుడు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పైగా డెంగీలో అసలు గండం జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది. 'సూదికి తగ్గిపోయింది' అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏ బాధకు ఎక్కడికి వెళ్లాలో ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడుకోండి. జలుబు, మామూలు జ్వరం, విరేచనాలు, చిన్న గాయాలు బస్తీ దవాఖానాలో చూస్తారు. పల్లెల్లో అయితే పీహెచ్‌సీలో. విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ తాగించాలి. మూడు నెలల లోపు పసిగుడ్డుకు జ్వరం వస్తే మాత్రం నేరుగా పిల్లల డాక్టరున్న ఆసుపత్రికే వెళ్లాలి. కుక్క కరిస్తే కారం, సున్నం పూయకండి. పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించండి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. టీకా వేసేచోట అది లేకపోతే ఉన్నచోటికి చీటీ రాయమని అడగండి.

కొన్నింటికి మాత్రం చిన్న ఆసుపత్రి గుమ్మం కూడా ఎక్కకూడదు. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చుంటారు. అలా ఆలస్యమైన మనుషుల్ని ఎందరినో చూశాను. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దైనా అది పక్షవాతం కావచ్చు. సీటీ స్కాన్ తీసి, తగినవారికి రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి, లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఉండే వ్యవధి నాలుగున్నర గంటలే. వీటికే కాదు, పాము కరిచినా, ఊపిరి అందకపోయినా, రక్తం ఆగకపోయినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. 2005లో మొదలైన ఆ సేవకు పైసా ఇవ్వక్కర్లేదు. ఫోన్ చేయడానికి మొహమాటం వద్దు.

ప్రజలు ఇంత తెలుసుకున్నా, రాత్రి ఏడింటికి మేకు దిగిన కాలికి దారి దొరకదు. అది ప్రభుత్వమే చూపాలి. కొత్త భవనాలు అక్కర్లేదు. ఉన్న బస్తీ దవాఖానాల్లోనే రాత్రి 9 దాకా రెండో షిఫ్టు పెట్టాలి, దానికి వేరే డాక్టరును, నర్సును నియమించాలి. ఉన్నవాళ్ల మీదే ఆ భారం మోపకూడదు. అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే నాలుగైదు బస్తీలకు ఒకటైనా తెరవాలి. మూసి ఉన్న ప్రతి దవాఖానా తలుపు మీదా, దగ్గర్లో ఏది తెరిచి ఉందో తెలుగులో, ఉర్దూలో రాయాలి. అందుకయ్యే జీతాల ఖర్చు వృథా పోదు. క్యాజువాలిటీలో ప్రాణం మీదికొచ్చిన మనిషికి డాక్టరు సమయం మిగులుతుంది, కూలీకి కూలి మిగులుతుంది. ఈసారి ఓటు అడగడానికి మీ గల్లీకి ఎవరొచ్చినా, 'మా దవాఖానా రాత్రి ఎన్నింటిదాకా తీస్తారు?' అని ముందు అడగండి.